తిరుమణి గుండ్లు

యాత్ర అనగానే మనవాళ్ళకు కాశీ, రామేశ్వరం, బదరీనాథం గుర్తుకు వస్తాయి. చేతిలో నాలుగు డబ్బులు ఆడేవారికి కాశ్మీరు, సింగపూరు. మన పత్రికలో ఇంతవరకు అచ్చయిన యాత్రా వ్యాసాలు కూడా చాలామట్టుకు రైలెక్కో, విమానమెక్కో పోయి వచ్చినవారివే. నాబోటి గుమాస్తాకు జీతమూ తక్కువే, సెలవులూ తక్కువే. అందుచేత పాఠకులను మా ఇంటి గడప దిగి నడిస్తే ముప్పావు గంటలో చేరే చోటికి తీసుకుపోదలచుకున్నాను. అక్కడ గుడి లేదు, గోపురం లేదు, జలపాతం అసలే లేదు. ఉన్నవల్లా గుండ్లు.

గుండ్లంటే తుపాకి గుండ్లు కావు. తిరుపతి గుండ్లూ కావు. మా సీమలో గుండు అంటే గుట్టమీదనో మిట్టమీదనో ఒంటిగా కూర్చున్న పెద్దరాయి. నేలమీద పరచుకుని ఉంటే అది బండ. నిలబడి ఉంటే గుండు. మేకలు కాచే పిల్లవాడిని అడిగినా ఈ తేడా చెబుతాడు.

మా ఊరు తిరుమణి. కర్ణాటక రాష్ట్రంలో తుమకూరు జిల్లా, పావగడ తాలూకా. మ్యాపు తెరిచి చూస్తే ఈ తాలూకా ఆంధ్రదేశం కడుపులోకి చొచ్చుకుపోయి కనిపిస్తుంది. మూడు దిక్కులా ఆంధ్రమే. మడకశిర, పెనుకొండ, కళ్యాణదుర్గం మాకు ఇరుగుపొరుగు. నాగలమడికె దగ్గర మమ్మల్ని పలకరించిన ఉత్తర పినాకిని అక్కణ్ణుంచి ఆంధ్రలోకి పోయి పేరూరు డ్యాములో చేరుతుంది, చేరేటన్ని నీళ్ళు ఉన్న సంవత్సరాలలో. ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడం, సంతలో రెండూ కలిపి. నేను ఎస్.ఎస్.ఎల్.సి. కన్నడంలోనే గట్టెక్కాను. ఆఫీసు కాగితాలన్నీ కన్నడంలోనే రాస్తాను. కోపం వస్తే మాత్రం తెలుగే వస్తుంది.

మా ఊరి పేరు పదేళ్ళ క్రితం ఎవరికీ తెలియదు. ఇప్పుడు విదేశాలవాళ్ళకు కూడా తెలుసు. కారణం సూర్యుడు. తిరుమణి, బాలసముద్రం, వళ్ళూరు, రాయచెర్లు, క్యాతగానచెర్లు అనే అయిదు ఊళ్ళ పొలాలలో సుమారు 13,000 ఎకరాల మీద సోలారు పార్కు వేశారు. 2018 మార్చిలో మొదటి భాగం ప్రారంభమయింది. 2019 చివరికి 2,050 మెగావాట్లు పూర్తి అయింది. ఇందులో విశేషమేమంటే భూమి కొనలేదు, కౌలుకు తీసుకున్నారు. ఎకరానికి ఏడాదికి మొదట 21,000 రూపాయలు, రెండేళ్ళకొకసారి నూటికి అయిదు పెంపు. వానను నమ్మి శెనక్కాయ వేసి, విత్తనం కూడా తిరిగి రాని ఏళ్ళు చూసిన రైతుకు ఆ మాట అమృతంలా వినిపించింది. మా నాయన వదిలిపోయిన నాలుగెకరాలూ అందులోనే ఉన్నాయి. కౌలు సొమ్ము బ్యాంకులో పడుతున్నది, అబద్ధమాడను. అయితే భూమి లేని కూలివాడికి కౌలు ఎవరిస్తారు? కలుపు తీసేవాళ్ళు, శెనక్కాయ పీకేవాళ్ళు బెంగుళూరు దారి పట్టారు. గొర్రెలవాళ్ళకు బీడు లేకుండా పోయింది. చుట్టూ కంచె, లోపల అద్దాలు. మేతకు మిగిలింది గుట్టలే. ఈ సంగతి ముందే చెప్పుకోవటం అవసరం, తరువాత కథకు ఇదే పునాది.

ఇక నా మేనల్లుడి విషయం. మా అక్క కొడుకు, బెంగుళూరులో కంప్యూటరు ఉద్యోగం. రెండేళ్ళ క్రితం సంక్రాంతి సెలవులకు వాడు మా ఊరికి వచ్చిన తీరు ఇప్పటికీ బస్సువాళ్ళు చెప్పుకుంటారు. వీపున మడతపెట్టిన పరుపు. వెనుక ఇద్దరు స్నేహితులు, ఒక స్నేహితురాలు, వాళ్ళ వీపుల మీదా పరుపులే. పావగడలో బస్సెక్కేటప్పుడు కండక్టరు, “ఏమప్పా, పెండ్లి ఎవురిది? పరుపులు ముందే పోతాండాయి!” అన్నాడట. మా ఊరి బస్టాండులో దిగేసరికి ఆ మాట వాళ్ళకంటే ముందు మా ఇల్లు చేరింది.

ఆ పరుపు పడుకోవటానికి కాదు, పడటానికి. గుండు ఎక్కేవాడు జారితే కింద నడుం విరగకుండా పరుస్తారు. లోపల దూది ఉండదు, గట్టి నురుగు దిమ్మె ఉంటుంది. ఈ విద్యకు బౌల్డరింగ్ అని పేరు. తాడు లేదు, మేకు లేదు, నిచ్చెన లేదు. చేతివేళ్ళు, కాలివేళ్ళు, కాళ్ళకు బిగుతైన రబ్బరు జోడు, నడుముకు సుద్దపొడి సంచి. అంతే సరంజామా. గుండు ఎత్తు రెండు ఆళ్ళో మూడు ఆళ్ళో ఉంటుంది. ఎత్తుతో వాళ్ళకు పనిలేదు. ఎక్కడ వేలు దూరుతుంది, ఎక్కడ మడమ ఆనుతుంది, బరువు ఏ తుంటి మీదికి మార్చాలి అన్నదే లెక్క. అయిదారు కదలికల దారిని “ప్రాబ్లెమ్” అంటారు, అచ్చం లెక్కల మాస్టారు లాగా.

ఆ పోలిక నేను ఊరకే అనలేదు. ఈ ఆటను ఈనాటి రూపానికి తెచ్చినవారిలో జాన్ గిల్ అనే అమెరికా దేశస్థుడు నిజంగానే గణితశాస్త్ర ఆచార్యుడు. కసరత్తు మైదానంలో అరచేతికి రాసుకునే సుద్దను 1950ల్లో ఆయన రాళ్ళ దగ్గరికి తెచ్చాడు. ఆయనకంటే ముందు ఫ్రాన్సులో, పారిస్‌కు సుమారు 60 కిలోమీటర్ల దూరంలోని ఫాంటెన్‌బ్లో అడవిలో, ఆల్ప్స్ కొండలు ఎక్కబోయేవాళ్ళు ఆదివారాలు వచ్చి ఇసుకరాతి గుండ్ల మీద సాధన చేసేవారు. 1947లో అక్కడ రాళ్ళమీద రంగు బాణాలు వేసి, ఒక గుండు తరువాత ఇంకొకటి ఎక్కుతూ పోయే వరుస ఏర్పరిచారు. కొండకు సాధనగా మొదలైనది చివరకు దానంతటదే ఒక ఆటయింది. టోక్యోలో 2021లో జరిగిన ఒలింపిక్సులో దీనికి మొదటిసారి చోటు దొరికింది. 2024 పారిస్‌లోనూ ఆడారు. ఫిన్లండులో ఒకాయన ఇల్లంత ఎత్తు కూడా లేని ఒక రాయిని ఏళ్ళతరబడి పట్టు వదలక, 2016లో ఎక్కాడట. మా ఇంట్లో ఈ మాట చెప్పినప్పుడు మా ఆవిడ, “ఆయనకు పెళ్ళాం పిల్లలు లేరా?” అని అడిగింది. మా అల్లుడు జవాబు చెప్పలేదు.

మన దేశంలో ఈ ఆటకు కాశీవంటిది హంపీ. క్రిస్ షర్మా అనే అమెరికా ఆటగాడు అక్కడి గుండ్ల మీద ఎక్కిన దృశ్యాలతో 2003లో ఒక సినిమా వచ్చింది. అప్పటినుంచీ ప్రతి చలికాలం ప్రపంచం నలుమూలలనుంచీ కుర్రకారు పరుపులు వీపున వేసుకుని తుంగభద్ర ఒడ్డుకు వస్తున్నారు. ఏటి అవతల విరుపాపురగడ్డిలో వాళ్ళకు బసలుండేవి. సుప్రీంకోర్టు తీర్పు మీద 2020లో వాటిని పడగొట్టారు. బెంగుళూరువాళ్ళకు దగ్గరివి తురహళ్ళి, రామనగరం. రామనగరం గుట్టలను 1975లో వచ్చిన షోలే సినిమాలో అందరూ చూసే ఉంటారు, చూసినది గబ్బర్‌సింగును గాని గుండ్లను కాదు. హైదరాబాదు సంగతి వేరు. అక్కడి గుండ్లు మా గుండ్లకంటే అందమైనవని ఒప్పుకోవలసిందే, కాని జూబిలీహిల్సు, మాదాపూరు, గచ్చిబౌలి లేచేటప్పుడు వందలాది గుండ్లు తూటాలకు పోయాయి. మిగిలినవాటి కోసం 1996లో రాళ్ళను కాపాడే సంఘమొకటి పెట్టుకున్నారు. రాళ్ళకు సంఘమేమిటని అప్పట్లో నవ్వినవాళ్ళుంటారు. ఇప్పుడు నాకు నవ్వు రావటం లేదు.

మా గుండ్లు ఎలా బయటపడ్డాయో చెబుతాను. మా అల్లుడు బెంగుళూరులో కూర్చుని ఉపగ్రహం తీసిన పటంలో మా తాలూకా అంతా గాలించాడట. పైనుంచి చూస్తే గుండు కనపడదు, దాని నీడ కనపడుతుంది. సాయంకాలపు పటంలో నీడ పొడుగ్గా ఉంటే గుండుకు ఎత్తున్నట్టు, నీడ అంచు నిటారుగా ఉంటే పక్క చెక్కినట్టున్నట్టు. ఆ లెక్కన పదకొండు చోట్ల గుర్తు పెట్టుకుని వచ్చాడు. వాటిలో తొమ్మిది ఎందుకూ పనికిరాలేదు. కొన్ని మరీ నున్నన, కొన్ని మరీ పొట్టి, ఒకటి పిండిలా రాలిపోయే రాయి, ఒకటి సోలారు కంచె లోపల. మిగిలిన రెంటిలో ఒకదానికి తేనెతుట్టెలు వేలాడుతున్నాయి. కొండతేనె ఈగలతో మేలమాడరాదు, దూరంగా ఉండి దండం పెట్టి తిరిగి వచ్చాము. ఆఖరుది దొరికింది. నేను చిన్నప్పుడు సీతాఫలాల కోసం పోయిన గుట్టే. ఆ గుట్ట పేరు ఇక్కడ రాయటం లేదు, ఎందుకో చివర తెలుస్తుంది.

దక్షిణం వైపు వంక దాటి, సీతాఫలపు పొదల మధ్యగా ఎక్కితే ఒక చదునైన బండ వస్తుంది. దానిమీద వాననీళ్ళు నిలిచే దొన ఒకటి. ఆ బండకు ఎగువన ఏబై అరవై గుండ్లు ఒకదానికొకటి ఆనుకుని, కొన్ని తలలు కలుపుకుని, కొన్ని ముఖాలు తిప్పుకుని కూర్చున్నాయి. భీముడు గోలీలాడి వదిలిపోయినాడని మా అవ్వ చెప్పేది. మా అల్లుడు చెప్పే కథ ఇంకొకటి. ఈ రాతిని క్లోజుపేట గ్రానైటు అంటారు. క్లోజుపేట అంటే రామనగరానికి ఇంగ్లీషువారి నాటి పేరు. ఆ రాయి రామనగరం దగ్గరినుంచి తుమకూరు, మధుగిరి, మా పావగడ మీదుగా హంపీ వైపు సుమారు 400 కిలోమీటర్లు సన్నని పట్టీలాగా సాగింది. వయస్సు ఇంచుమించు 250 కోట్ల సంవత్సరాలు. భూమిలోపల ఉన్నప్పుడే రాయి అడ్డంగా నిలువుగా బీటలు వారింది. ఆ బీటల్లో నీళ్ళు ఇంకి మూలలను కుళ్ళబెట్టి గరుసు చేసింది. నడుమ గట్టిది గుండ్రంగా మిగిలింది. కాలక్రమేణా గరుసు వానలకు కొట్టుకుపోయి గుండు బయటపడింది. అంటే ఇవి ఎక్కడినుంచో దొర్లి వచ్చినవి కావు, పుట్టినచోటనే నిలబడినవి. భీముడి కథ కంటే ఈ కథే నాకు ఎక్కువ ఆశ్చర్యంగా తోచింది.

అయితే గుండు కనపడగానే ఎక్కేది కాదు. మొదట దిగే దారి చూస్తారు. ఎక్కినవాడు దిగలేకపోతే మా ఊళ్ళో నిచ్చెన తెచ్చేవాడెవడు? తరువాత కింద నేల చూస్తారు. రాళ్ళూ కంపా ఉంటే ఏరి సర్దుతారు, చెట్టు మాత్రం కొట్టరు. ఆ తరువాత పట్టు దొరికే చెక్కలను తట్టి చూస్తారు. పెద్దగుండుకు పైన ఒక పెంకు లేచి ఉంటుంది, అది బరువు ఆపుతుందా, ఊడి వస్తుందా అన్నది ప్రాణానికి సంబంధించిన ప్రశ్న. మా అల్లుడు పిడికిలితో కొట్టి చెవి పెడుతున్నాడు. సరిగ్గా అప్పుడే మా ఊళ్ళో రాళ్ళు కొట్టే పెద్దాయన, డెబ్బై దాటిన మనిషి, కట్టెల మోపుతో ఆ దారిన వచ్చాడు.

“యామి జేస్తాండావప్పా, వైద్యుని మాదిరి?” అన్నాడు.

మావాడు సంగతి చెప్పాడు. పెద్దాయన మోపు దించి, చిన్న గులకరాయి తీసుకుని ఆ పెంకు మీద నాలుగు చోట్ల తట్టాడు. “ఈడ గంట మోగినట్ల మోగుతాంది, పట్టుకో. ఈడ కుండ మోగినట్ల మోగుతాంది, ముట్టుకోవాకు. రెండేండ్లలో పడిపోతాది,” అన్నాడు. బండమీద కట్టెలు పేర్చి మంటపెట్టి, వేడికి పొర లేచే చప్పుడు విని ఎక్కడ సుత్తి వేయాలో చెప్పగలిగిన తరంవాడు ఆయన. రాయి ఏ వైపుకు నిలువునా చీలుతుందో, ఏ వైపుకు మొండికేస్తుందో చేయి పెట్టి చెబుతాడు. ఆ రోజు ఆ నలుగురు పిల్లలూ బెంగుళూరులో డబ్బు కట్టి నేర్చుకున్నదానికంటే ఎక్కువ ఆయన దగ్గర గంటలో నేర్చుకున్నారు. మరుసటి ఆదివారం నుంచీ ఆయన తనంతట తానే వచ్చి కూర్చునేవాడు. కొత్త గుండు దగ్గరికి పోయేముందు మావాళ్ళు “తాతా, తట్టి చెప్పు” అనేవారు. ఆయన తట్టి కాదంటే ఆ గుండు కాదు. అంతే.

వాళ్ళకు కొన్ని కట్టుబాట్లున్నాయి, నాకు నచ్చాయి. ఉలితో పట్టు చెక్కరాదు. రాయి ఎలా ఉంటే అలాగే ఎక్కాలి, చేతకాకపోతే ఇంకొకడికి వదిలిపెట్టాలి. రంగుతో పేర్లు రాయరాదు. పాచిని కూడా వేలు పెట్టేచోట తప్ప తోమరాదు. పోయేటప్పుడు సుద్దమరకలు బ్రష్షుతో తుడిచి పోవాలి. ప్రతి కొండమీదా గుండెబొమ్మలు గీసి పేర్లు చెక్కే ప్రేమికులు, పార్టీ గుర్తులు వేసే కార్యకర్తలు ఈ కట్టుబాట్లు వింటే బాగుండును.

సుద్ద విషయంలో ఒక తమాషా జరిగింది. గొర్రెలు కాచే ముసలమ్మ ఒకతె, చేతులనిండా తెల్లని పొడి రాసుకుని రాతికి తల ఆనించి గాలి పీల్చుకుంటున్న మావాడిని చూసి, విబూది పూసుకుని మొక్కుకుంటున్నాడనుకున్నది. చెప్పులు విడిచి తానూ ఒక దండం పెట్టింది. ఆమెకు నిజం చెప్పాము. “మొక్కు లేకపోతే ఇంత కష్టమెందుకు నాయనా?” అన్నది. తరువాత ఆమే పైన ఒక గుండు చూపించి, దాని కింద కుంకుమబొట్లు ఉన్నాయని, దాన్ని మాత్రం ముట్టవద్దని చెప్పింది. నిజానికి అందరికంటే గొప్ప గుండు అదే, ముందుకు వంగి నిలువునా పగిలిన బీటతో. మా అల్లుడు దాని చుట్టూ మూడుసార్లు తిరిగి, నిట్టూర్చి వచ్చేశాడు. ప్రదక్షిణం అయిందని ముసలమ్మ సంతోషించింది.

కొత్తలో ఊరి పెద్దలకు అనుమానం లేకపోలేదు. వీపున సంచులు వేసుకుని గుట్టల్లో తిరిగే కొత్త మనుషులంటే మా తాలూకాలో ఒకప్పుడు భయం. 2005 ఫిబ్రవరిలో వెంకటమ్మనహళ్ళిలో పోలీసు శిబిరం మీద నక్సలైట్ల దాడి జరిగినది ఎవరూ మరచిపోలేదు. అందుచేత నేను మా వాళ్ళను ముందు పంచాయితీ ఆఫీసుకు తీసుకుపోయి, వాళ్ళ గుర్తింపు కార్డులు చూపించి, పోలీసు స్టేషనులో ఒక కాగితం ఇప్పించాను. గుమాస్తా పని అక్కరకు వచ్చేది ఇటువంటప్పుడే.

దారులకు పేర్లు పెట్టే హక్కు మొదట ఎక్కినవాడిది. ఒకటి గుండ్రంగా, పట్టు లేకుండా ఉంటే “సంగటి ముద్ద” అన్నారు. కడుపుతో పాకవలసినదానికి “ఉడుము”. ఒకటి మాత్రం నాలుగు ఆదివారాలు తిరిగినా లొంగలేదు. చివరి పట్టు దగ్గర అందరినీ విసిరి పరుపుమీద పడేస్తున్నది.

“మామా, దీనికేం పేరు పెడదాం?” అన్నాడు మావాడు.

నాకు మా ఆఫీసు కిటికీ గుర్తుకు వచ్చింది. “రేపు రా” అని పెట్టమన్నాను. 1990ల్లో దయ్యం రాకుండా కర్ణాటకంలో ఇళ్ళ గోడలమీద “నాళె బా” అని రాసుకున్న సంగతి కూడా పాఠకులకు గుర్తుండే ఉంటుంది. పిల్లలు పడి పడి నవ్వారు. ఆ పేరే స్థిరమయింది. వాళ్ళ లెక్కలో కష్టానికి వీ-సున్న నుంచి వీ-పదిహేడు దాకా అంకెలున్నాయి, “రేపు రా” వీ-నాలుగు అట. రెండు నెలల తరువాత అది మొదట ఎక్కింది బెంగుళూరువాళ్ళు కారు, తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి. చూస్తూ చూస్తూ అదీ మొదలుపెట్టింది. వాళ్ళమ్మ, ఆడపిల్ల కాలుచేయి విరిగితే ఎవరు చేసుకుంటారని రెండు వారాలు అన్నం వడ్డించేటప్పుడు సణిగింది. ఎక్కిన రోజున మాత్రం పక్కింటావిడతో ఏం చెప్పిందో నేను గోడ అవతలనుంచి విన్నాను.

గుండు పైనుంచి చూస్తే తూర్పున దూరంగా రామగిరి కొండల మీద గాలిమరలు. కింద మా అయిదు ఊళ్ళ పొలాలు, వాటినిండా అద్దాలు. పొద్దున ఎండలో అవి నిండిన చెరువులాగా మెరుస్తాయి. వాన పడని సీమలో ఇంత పెద్ద చెరువు చూసి మొదటిసారి నా కళ్ళు చెమర్చిన మాట వాస్తవం. అక్కడ ఎక్కడో మా నాలుగెకరాలు. ఏ వరుస కిందనో గుర్తుపట్టలేము.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. కిందటి ఉగాది వెళ్ళిన తరువాత, ఆ గుట్టకు రాతి క్వారీ కోసం అర్జీ పడిందని తెలిసింది. పెట్టినవారి పేరు రాయను. గుట్ట కాగితాలలో గోమాళం, అంటే ఊరి పశువుల మేతకు విడిచిన ప్రభుత్వ భూమి. ఊళ్ళో రెండు పక్షాలయ్యాయి. క్వారీ వస్తే కూలి దొరుకుతుంది, బెంగుళూరుకు పోయినవాళ్ళు తిరిగి వస్తారన్నది ఒక పక్షం. ఆ మాటలో న్యాయం లేదని నేననను. ఆదివారం నాడు నలుగురు కుర్రాళ్ళు ఎక్కి దిగితే ఊరికి వచ్చేది టీ డబ్బులు, నాలుగు భోజనాల డబ్బులు. దానితో ఏ కుటుంబమూ బ్రతకదు.

గ్రామసభలో చాలాసేపు కేకలయ్యాయి. గొర్రెలవాళ్ళు, “పొలాలు పాయ, బీళ్ళు పాయ, గుట్ట కూడా పోతే గొర్రెలను యాడ మేపాల, సోలారు అద్దాల మిందనా?” అన్నారు. నాకు ఆశ్చర్యం కలిగించినది రాళ్ళు కొట్టే పెద్దాయన. క్వారీ వస్తే ముందు ఆయనవాళ్ళకే పని అని అందరూ అనుకున్నారు. ఆయన లేచి, “మేము చేత్తో కొట్టినప్పుడు ఆ గుట్ట మూడు తరాలకు కూడు పెట్టేది, ఇంకా అట్లనే ఉండేది. ఇప్పుడు మిషన్లు వస్తాయి. నలుగురు మనుషులు, ఒక ఎండాకాలం. ఆపైన గుంత. నాకు గుంత వద్దు,” అని కూర్చున్నాడు. అవతలి పక్షంవారు, ముసలితనంలో బెంగుళూరు పిల్లలు తాతా అని పిలిచేసరికి మురిసిపోయాడన్నారు. ఆయన బదులు చెప్పలేదు.

అర్జీకి అభ్యంతరం కన్నడంలో నేనే రాశాను. సర్వే నంబరు, పహణీ నకలు, మేతకు వచ్చే మందల లెక్క, దొనలో నీళ్ళు నిలిచే నెలలు, కుంకుమబొట్ల గుండు, వంకకు నీరు వచ్చే దారి, అన్నీ వరుసగా పెట్టాను. ఆట గురించి ఒక్క పేరా, చివర. ఏ కాగితంలో ఏది ముందు ఉండాలో ఇరవై ఏళ్ళు గుమాస్తా పని చేసినవాడికి తెలియదా? నలభైమూడు సంతకాలు, పదహారు వేలిముద్రలు అయ్యాయి. నా సంతకం కూడా ఉన్నది. క్వారీ అడిగినవారు మా యజమానికి మిత్రులు. యజమాని పిలిచి, “రాళ్ళతో నీకెందుకయ్యా, పిల్ల పెళ్ళికి ఎదుగుతున్నది” అని మెత్తగా అన్నారు. మెత్తగా అన్నమాటలే నాకు ఎక్కువ వినిపిస్తాయి. అయినా సంతకం సంతకమే. అప్పటినుంచీ నాకు రావలసిన చిన్న పెంపు ఒకటి రాకుండా ఉన్నది. దానికీ దీనికీ సంబంధం ఉందని నేను చెప్పలేదు.

సర్వేయరు ఒకసారి వచ్చి కొలుచుకుపోయాడు. ఫైలు తాలూకా కచేరీలో ఉన్నది. మా అల్లుడి మిత్రబృందం తమ పుస్తకంలో ఇప్పటికి ముప్పై ఎనిమిది దారులు రాసుకున్నది. వాటిని బయట ఎక్కడా ప్రకటించలేదు. గుట్ట పేరు తెలిస్తే జనం విరగబడి వచ్చి ప్లాస్టిక్ సీసాలు పారవేస్తారని వాళ్ళ భయం. పేరు ఎవరికీ తెలియకపోతే గుట్ట పోయినా అడిగేవాడుండడని నా భయం. ఈ రెంటి మధ్య మేము ఇంకా వాదించుకుంటున్నాము. అందుకే తిరుమణి అని రాసి, గుట్ట పేరు రాయకుండా ఆగాను.

మన సంఘ సభ్యులెవరైనా చూడదలచుకుంటే ముందుగా పత్రిక కార్యాలయానికి ఒక ముక్క రాయండి, నాకు అందజేస్తారు. కార్తీకం నుంచి మాఘం లోపల రావాలి. ఆ తరువాత బండ కాలుతుంది, రక్తపింజరులు బీటల్లోకి చల్లదనానికి చేరతాయి. తెల్లవారి ఆరింటికి గుట్ట దగ్గర ఉండాలి, పదింటికి దిగిపోవాలి. నీళ్ళు మనిషికి రెండు సీసాలు, ఖాళీ సీసాలు తిరిగి తీసుకుపోవాలి. సెంటు పూసుకుని రాకండి, ఈగలకు గిట్టదు. పరుపులు తేనక్కరలేదు. మా ఊరి పిల్లలు పాత బొంతలు నాలుగు కలిపి కుట్టి, సోలారు పెట్టెల్లో వచ్చిన దిమ్మెలు లోపల కూరి మూడు తయారుచేసుకున్నారు, బెంగుళూరు పరుపుల కంటే మెత్తగానే ఉన్నాయి. మధ్యాహ్నం మా ఇంట్లో రాగిసంగటి, చెనిగ్గింజల చట్నీ, ఉలవచారు ఉంటాయి. ఎన్ని ముద్దలు తిప్పాలో మా ఆవిడకు ముందురోజే చెప్పాలి.